జట్టులో ఎక్కువైన మనిషి

వాగ్దేవికి వారం రోజులుగా కాలు ఒక చోట నిలవడం లేదు. ఆఫీసులో కూచుంటే బల్ల కింద కాలు ఊగిపోతోంది. ఇంటికొస్తే నడవాలోంచి పెరట్లోకీ, పెరట్లోంచి నడవాలోకీ ఒకటే తిరుగుడు. అన్నం కలుపుకుని, ముద్ద చేతిలోనే పెట్టుకుని గోడకేసి చూస్తోంది. వాళ్ళ బామ్మ బాలాంబ చూసి చూసి, ఏటే కాళ్ళకి చక్రాలు కట్టించుకున్నావా అని విసుక్కుని ఊరుకుంది. పెళ్ళి సంబంధం గురించి బెంగేమో అనుకుంది ఆవిడ పాపం. సంబంధం లేదు, గింబంధం లేదు. ఇరవయ్యారేళ్ళ పిల్ల, బరంపురంలో ఇన్సూరెన్సు ఆఫీసులో ఉద్యోగం వెలగబెడుతున్న పిల్ల, దేనికయ్యా అంత బెంగ పెట్టుకుందీ అంటే, ఫోనులో ఆడే ఆటకి. నవ్వుకుంటే నవ్వుకోండి. దానికి మాత్రం అది నవ్వులాట కాదు.

ఆట పేరు మాయామృగ్. మృగాల్ని పట్టుకోవాలి, పెంచాలి, బరిలోకి దింపి పోట్లాడించాలి. ఊసుపోక ఒంటరిగా ఆడుకునేవాళ్ళు బోల్డు మంది. అసలు పోటీ మాత్రం ముగ్గురేసి మనుషుల జట్ల మధ్య. ఒక్కొక్కరూ రెండేసి మృగాల్ని తెచ్చుకుంటారు, జట్టుకి ఆరు. ఆ ఆరింటికీ పొత్తు ఎలా కుదురుతుందన్నదే ఆటంతా. అన్నీ కొట్టేవే పెట్టుకుంటే మొదటి దెబ్బకి అవతలివాడు పడతాడు, రెండో దెబ్బకి మనం పడతాం. అన్నీ కాసేవే పెట్టుకుంటే పొద్దుగూకేదాకా ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటూ నించోవాలి. చటుక్కున కొట్టి తప్పుకునేది ఒకటి కావాలి. ఆలస్యంగా కదిలినా పెద్ద దెబ్బ వేసేది కావాలి. మనవాళ్ళ మీద పడే దెబ్బకి అడ్డంగా గోడ కట్టేది కావాలి, గాయం మాన్పేది కావాలి. పచ్చడిలో ఉప్పూ కారం పులుపూ పాళ్ళు కుదిరినట్టు కుదరాలన్నమాట.

వాగ్దేవివి నిప్పునక్కా, గద్దా. రెండూ వేగం మీద బతికేవే. వాళ్ళ పిన్ని కొడుకు అర్జున్‌వి దున్నా, తాచుపామూ. దున్న కదలడానికి నానా తంటాలూ పడుతుంది గానీ కదిలిందంటే ఎదర ఉన్నది మిగలదు. తాచు విషం ఎక్కించి చోద్యం చూస్తుంది. అర్జున్‌కి ఇంకో గుణం ఉంది, అవతలివాళ్ళు ఎవర్ని కొట్టబోతున్నారో ముందే పసిగట్టేస్తాడు. మూడో మనిషి స్వాగతిక పాణిగ్రాహి. ఒడియా పిల్ల, వాళ్ళమ్మ ఆస్పత్రిలో నర్సు. ఆరో తరగతిలో వాగ్దేవి పక్క బెంచీలో కూచున్న దగ్గర్నుంచీ ఇద్దరూ విడిచి ఉన్నది లేదు. ఒకళ్ళకి జ్వరమొస్తే రెండోవాళ్ళు బడి మానేసే రకం. స్వాగతిక మృగాలు రాతి తాబేలూ, కొంగా. తాబేలు పక్కవాళ్ళకి గోడ కడుతుంది, కొంగ గాయాలు మాన్పుతుంది. వాటితో ఎవర్నీ పడగొట్టడం కుదరదు. ఆట చూడ్డానికొచ్చిన జనం వాటి వంక కన్నెత్తి చూడరు కూడా.

ఈ ముగ్గురూ రెండేళ్ళు వరసగా రాష్ట్రం పోటీల్లో సెమీఫైనల్ దాకా వెళ్ళి చతికిలబడ్డారు. రెండుసార్లూ రూర్కెలా జట్టు చేతిలోనే. ఈ ఏడు పోటీలు బరంపురంలోనే పెట్టేరు. గెలిస్తే దేశం పోటీలకి పుణె. గెలవకపోతే ఇంక జట్టు లేదు, ఎందుకంటే వచ్చే నెలలో అర్జున్ విశాఖపట్నంలో ఉద్యోగానికి చేరిపోతాడు. సొంత ఊళ్ళో, ఆఖరిసారి. వాగ్దేవికి నిద్రలో కూడా అదే గోల.

అలాంటి సమయంలో ఈశ్వర్ దొరికేడు. రంభ అనే ఊరి కుర్రాడు, మన తెలుగువాడే, అర్జున్‌తో డిప్లమా చదివేడు. వాడి దగ్గర చిరుతా డేగా ఉన్నాయి. ఆ చిరుత కొట్టుడు చూసి వాగ్దేవికి కళ్ళు తిరిగేయి. వీడు మనకుంటే రూర్కెలా వాళ్ళని మట్టి కరిపించెయ్యొచ్చు అనుకుంది. కానీ జట్టంటే ముగ్గురే. వాడు రావాలంటే ఒకరు పోవాలి. పోవలసింది ఎవరో వాగ్దేవి మనసులో అనుకోడానికి ఒక్క క్షణం పట్టింది. ఆ పేరు కొట్టెయ్యడానికి మాత్రం వేలు ఆడటం లేదు. శనివారం సాయంత్రం ఆరింటికి జట్ల పేర్లకి తాళం పడిపోతుంది. ఆదివారం ఆట.

ఇక్కడ మన బరంపురం తెలుగు ఇళ్ళల్లో ఉన్న ఒక అలవాటు చెప్పాలి. వీధిలో ఒడియా, ఇంట్లో తెలుగు. చీరల దుకాణానికి వెళ్ళి దుకాణదారు ముందే నించుని, ఎక్కువ చెప్తున్నాడే, లేచి వెళ్ళిపోతున్నట్టు నటించు అని తెలుగులో చెప్పుకుంటాం. ఇంటికొచ్చిన చుట్టం ఎదురుగానే, ఈయన ఎప్పుడు లేస్తాడో ఏటో అనేసుకుంటాం. మన తెలుగు మనకి తలుపేసుకున్న గది. పక్కింటి ఒడియా వాళ్ళు తరతరాలుగా మన గోడకి గోడ ఆనుకుని ఉన్నారు, వాళ్ళకి చెవులున్నాయి అన్న సంగతి మనకి తోచదు. ఎందుకు తోచదో ఆ భగవంతుడికే తెలియాలి.

గోసాని నువాగాం పేటలో బాలాంబ ఇంటి నడవాలో ముగ్గురూ ఆట సాధన చేసేవారు. ఒడియాలోనే మాట్లాడుకునేవారు. మధ్యలో అక్కా తమ్ముళ్ళకి తమలో తాము అనుకోవలసింది ఏమైనా ఉంటే టక్కున తెలుగులోకి మారిపోయేవారు. స్వాగతిక ఫోను చూసుకుంటూ, బాలాంబ పెట్టిన ఉప్మా తింటూ ఉండేది. ఆ వారమంతా ఆ పిల్ల ఎదటే, తలకాయ ఇటు నుంచి అటు తిప్పకుండానే, ఆ పిల్లని జట్టులోంచి తీసెయ్యడం గురించి మాట్లాడుకున్నారు. అర్జున్ కొంచెం మెత్తనివాడు, పాపం అక్కా అన్నాడు ఒకటి రెండుసార్లు. వాగ్దేవే ఊరుకోలేదు. ఈ తాబేలు బరువు ఎన్నాళ్ళు మోస్తాంరా అంది. స్నేహం వేరు ఆట వేరు అంది. తను కొట్టిన దెబ్బలే కనిపిస్తాయి గానీ తన మీద పడని దెబ్బలు ఎవరికి కనిపిస్తాయి చెప్పండి.

శుక్రవారం నాటికి ఇంక తేల్చక తప్పలేదు. ఆట అయిపోయింది, టీలు తాగుతున్నారు. ఈశ్వర్‌కి రమ్మని కబురు పెట్టేశానని అర్జున్ తెలుగులో చెప్పేడు. స్వాగతికకి నువ్వే చెప్పాలి అన్నాడు. వాగ్దేవి లేచి గుమ్మం దాకా వెళ్ళి వచ్చింది. మళ్ళీ లేచింది.

"నా నోటితో నేను చెప్పలేనురా" అంది. "దానంతట అదే మానుకుంటే బాగుణ్ణు."

స్వాగతిక టీ గ్లాసు పట్టుకుని పెరట్లోకి వెళ్ళి, కడిగి బోర్లించి, బామ్మకి నమస్కారం పెట్టి, రేపు కలుద్దాం అని ఒడియాలో చెప్పి వెళ్ళిపోయింది. వాగ్దేవికి చెంపలు వేడెక్కేయి. ఛీ, నేనేటి ఇలా తయారయ్యేను అనిపించింది. అనిపించినంత మాత్రాన మనసు మార్చుకుందా అంటే అదీ లేదు.

శనివారం ఆఫీసుకి సెలవు పెట్టింది. మనసు రాయి చేసుకోడానికి ఒక ఉపాయం ఆలోచించింది. ఆట అయ్యాక పాత పందాలన్నీ మళ్ళీ చూసుకోవచ్చు, మాటలతో సహా నిలవుంటాయి. రెండేళ్ళ కిందట ఓడిన సెమీఫైనల్, కిందటేడు ఓడిన సెమీఫైనల్ చూద్దాం, స్వాగతిక ఎక్కడెక్కడ ఆలస్యం చేసిందో పట్టుకుందాం, అప్పుడు తీసెయ్యడానికి గుండె గట్టిపడుతుంది అనుకుంది. ఇంతకన్నా తెలివితక్కువ ఉపాయం ఉంటుందా. కానీ మనిషి తప్పు చెయ్యబోయే ముందు కాగితాలు సరి చూసుకుంటాడు కదా, అలాగన్నమాట.

ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని చూడ్డం మొదలెట్టింది. బరిలో గోల, ముగ్గురి మాటలూ కలగాపులగం. ఒక చోట అర్జున్ కంగారుగా, "అక్కా, నక్క మీదకొస్తున్నాడు" అని తెలుగులో అరిచేడు. కంగారులో వాడికి ఒడియా రాదు, ఎప్పుడూ అంతే. అది విని వాగ్దేవి ఒడియాలో స్వాగతికకి చెప్పింది, నక్కకి గోడ కట్టు అని. ఆ కట్టడం ఆలస్యమై ఉంటుందని వాగ్దేవి బొమ్మని ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ చూసింది. గోడ ఆలస్యం కాలేదు. తను ఒడియాలో నోరు తెరిచేసరికే నక్క చుట్టూ గోడ లేచిపోయి ఉంది.

కాకతాళీయం అనుకుంది. ముందుకి జరిపింది. మళ్ళీ అర్జున్ తెలుగు అరుపు, దున్న అని. తను ఈసారి మాట అందించడమే మరిచిపోయింది. అయినా దున్నకి గోడ లేచింది. ఇంకోచోట, గద్ద పని అయిపోయింది అక్కా అన్నాడు వాడు తెలుగులో, నీరసంగా. అనడం ఆలస్యం, కొంగ గద్ద దగ్గరికి చేరింది. వాగ్దేవి కిందటేడు ఆట తీసింది. అందులోనూ అదే. ఏ ఒక్క గోడా తన ఒడియా మాట కోసం ఆగలేదు. అన్నీ తెలుగు విని లేచినవే.

స్వాగతికకి తెలుగొచ్చు. ఎప్పట్నుంచో వచ్చు.

అలా అనుకున్న మరుక్షణం వాగ్దేవి చెవుల్లోవి తీసేసి నడవాలో గిరగిరా తిరిగింది. తాబేలు బరువు అన్నాను కదా. స్నేహం వేరన్నాను కదా. అంతకు ముందో. స్కూల్లో ఉండగా దాని జడ గురించి, వాళ్ళమ్మ రాత్రి డ్యూటీల గురించి, అది తెచ్చుకున్న టిఫిన్ గురించి, అది ఎదురుగా ఉండగానే ఇంట్లో ఎన్ని అనుకున్నాం. ఒక్కొక్కటీ గుర్తొస్తుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఏటే ఆ తిరుగుడు అని బామ్మ వంటింట్లోంచి కేకేసింది.

అప్పుడే ఫోను మోగింది. స్వాగతిక పాణిగ్రాహి జట్టు వదిలి వెళ్ళింది అని ఆటలోంచి కబురు. దాని కిందే ఒడియాలో స్వాగతిక రాసిన రెండు ముక్కలు. ఒంట్లో బాగాలేదు, ఈశ్వర్‌ని తీసుకో, బాగా ఆడండి అని.

నిన్న ఈ నోటితోనే కదా అంది, దానంతట అదే మానుకుంటే బాగుణ్ణు అని. స్వాగతిక అలాగే మానుకుంది. తన మీద పడబోయే దెబ్బ తనే వేసుకుని, వాగ్దేవికి చెప్పే కష్టం కూడా లేకుండా చేసింది. వాగ్దేవి ఫోను చేసింది, ఎత్తలేదు. మళ్ళీ చేసింది, ఎత్తలేదు. ఇంక ఇంట్లో ఉండలేక బండి తీసింది.

స్వాగతిక ఇంటికెళ్తే వాళ్ళమ్మ గుమ్మంలోనే చెప్పింది, ఒంట్లో బాగానే ఉంది, సముద్రపొడ్డున మార్కండి వెళ్ళింది, బుల్లమ్మని చూడ్డానికి అని. బుల్లమ్మెవరో వాగ్దేవికి తెలీదు. ఇన్నేళ్ళ స్నేహంలో ఆ పేరే వినలేదు. వాళ్ళమ్మే ఆశ్చర్యపోయి చెప్పింది. తను ఛత్రపురంలో పని చేసేటప్పుడు పగలూ రాత్రీ పిల్లని పెంచింది ఆ బుల్లమ్మేనట, మార్కండి బెస్తల మనిషట, పిల్లకి మొదట వచ్చిన మాటలు ఆవిడ మాటలేనట. నీకు చెప్పలేదా అంది. వాగ్దేవి తల అడ్డంగా ఊపి బండి తిప్పింది.

పెద్ద రోడ్డు మీద లారీల మధ్యన పడి వెళ్ళింది. ఎందుకు వెళ్తోందో తనకే సరిగ్గా తెలీదు. క్షమించమని అడగడానికా, రమ్మని అడగడానికా, ఇన్నాళ్ళూ ఎందుకు దాచేవే అని దెబ్బలాడ్డానికా. ఒకసారి కోపం వచ్చింది, దొంగలా వింటూ కూచుందని. వెంటనే ఆ కోపానికి తనకే నవ్వొచ్చింది. మన నోరు మనం పారేసుకుని, విన్నవాళ్ళని దొంగలంటామా. పెద్ద రోడ్డు దిగేక మొగలి డొంకల పక్కనుంచి ఇసక దారి పట్టింది. బండి రెండుసార్లు జారింది. ఏటవుతుందో అని ఒక పక్క, ఆరయిపోతుందేమో అని ఒక పక్క.

మార్కండిలో పడవలు ఒడ్డుకి లాగేసి ఉన్నాయి. వలల పక్కన ఆడవాళ్ళు కూచుని కబుర్లాడుతున్నారు. బుల్లమ్మ ఇల్లెక్కడ అని అడగబోతుంటే, ఒక గొంతు వినిపించింది. పెద్ద గొంతు. ఎవర్నో పట్టుకుని ఆట పట్టిస్తోంది, మాటకి మాట తిప్పి కొడుతోంది, పగలబడి నవ్వుతోంది. అచ్చమైన ఒడ్డు తెలుగు. వాగ్దేవి ఆ గొంతు ఎవరిదా అని చూసింది. చీర చెంగుతో చేపలమీద ఈగలు తోలుతున్న ఒక ముసలావిడ పక్కన, కాళ్ళు బారజాపుకుని కూచున్న స్వాగతిక. వాగ్దేవి ఎరిగిన స్వాగతిక నెమ్మది మనిషి, అడిగితే గాని మాట్లాడదు. ఈ మనిషిని వాగ్దేవి ఎప్పుడూ చూడలేదు. స్నేహితురాలిని పోగొట్టుకుంటానేమో అని ఇంత దూరం వచ్చింది గానీ, అసలు తనకున్న స్నేహితురాలు సగమే అని అక్కడ నించున్నప్పుడు తెలిసింది.

స్వాగతిక చూసింది. నవ్వు ఆగిపోయింది. లేచి, చేతులు దులుపుకుని, నీటివైపు నడిచింది. వాగ్దేవి వెనకే వెళ్ళింది.

"ఇన్నావు కదా" అంది స్వాగతిక తెలుగులో. "ఇంక దాసీదేటుంది."

ఎందుకే చెప్పలేదు అని అడిగింది వాగ్దేవి.

"మొదట్లో మీ ఇంటికొచ్చిన్నాడు కూరలమ్మే ఆవిడొచ్చింది. ఆవిడటు ఎల్లగానే మీ బామ్మగారు ఆవిడ మాటని ఎక్కిరించి సూపింది. నువ్వు పొట్ట పట్టుకుని నవ్వినావు. నా తెలుగూ ఆవిడ తెలుగే మరి. నోరు మూసుకున్నాను. అలవాటయిపోనాది."

వాగ్దేవి ఎంత తలుచుకున్నా ఆ రోజు గుర్తు రాలేదు. బామ్మ ఎప్పుడూ ఎవరినో ఒకరిని వెక్కిరిస్తూనే ఉంటుంది, తను ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది. ఏ రోజని గుర్తుంటుంది. కళ్ళమ్మట నీళ్ళు కారిపోయేయి. తప్పయిపోయిందే అంది. మనసు కష్టపెట్టేను, అలా అనకూడదు, వచ్చెయ్యి, ఇంకా ఆరు అవలేదు, ఆ ఈశ్వర్ వద్దు ఎవడూ వద్దు, మన ముగ్గురమే ఆడదాం, ఓడితే ఓడిపోదాం అని గబగబా అనేసింది.

స్వాగతిక విని, తల అడ్డంగా ఊపింది.

"ఈశ్వర్ కావాల. ఆ మాట నువ్వు తప్పు సెప్పనేదు, కొట్టీవోలు మనకి సాలరు. కానీ ఆడి సిరత నీ నక్కకన్నా గట్టిగా కొడతాది. ఆడి డేగ నీ గద్దకన్నా జోరు. మీ ఇద్దరూ ఉంటే ఒకే పని రెండుసార్లు సేసినట్టు. అడ్డం కాసీవోలు లేకపోతే రూర్కెలా ఓలు మిమ్మల్ని నమిలి ఊసేత్తారు. ఎవర్ని తియ్యాలో నీకూ తెలుసు. నా మీదకి ఎల్లిన సెయ్యి, నీ రెండింటి మీదకీ ఎందుకు ఎల్లనేదు?"

వాగ్దేవికి చెంప మీద కొట్టినట్టయింది. జట్టు కట్టింది నేను, పేరు పెట్టింది నేను, రెండేళ్ళు మిమ్మల్ని వెంటేసుకు తిరిగింది నేను అనబోయింది. నోటిదాకా వచ్చింది. కానీ ఆట తెలిసిన మనిషి కదా. దున్నా తాచూ, చిరుతా డేగా, తాబేలూ కొంగా. కళ్ళు మూసుకుని ఆరింటినీ బరిలో నించోబెట్టి చూసింది. ఒకటి కొడుతుంటే ఒకటి కాస్తోంది, ఒకటి అలిసిపోతే ఒకటి అందుకుంటోంది. ఎక్కడా సందు లేదు. పాళ్ళు అంత బాగా ఎన్నడూ కుదరలేదు. అందులో నక్క లేదు, గద్ద లేదు. వారం రోజులుగా అర్జున్‌ని తీసి చూసింది, స్వాగతికని తీసి చూసింది, పాము బదులు తేలు పెట్టి చూసింది. తనని తను తీసి చూడాలని ఒక్కసారీ తట్టలేదు.

"దెబ్బలు కాయడం బరిలో నా పని" అంది స్వాగతిక. "మీ నడవాలో కూకున్నప్పుడు కాదు."

అంతే అంది. వెళ్ళి బుల్లమ్మ పక్కన కూచుంది.

వాగ్దేవి నీళ్ళ అంచున అటు నడిచింది, ఇటు నడిచింది. సొంత ఊళ్ళో ఆఖరి ఆట. ఈశ్వర్‌తో తనే ఆడెయ్యొచ్చు, స్వాగతిక మానుకున్నట్టు ఇప్పటికే అందరికీ తెలుసు, ఎవరూ వేలెత్తి చూపరు. అలా అనుకుని ఫోను జేబులో పెట్టింది. మళ్ళీ తీసింది. అర్జున్‌కి ఫోను చేసి విషయం చెప్తే, అక్కా నీకేటైనా పిచ్చా అన్నాడు. కానీ వద్దని మాత్రం అనలేదు. ఆ అనకపోవడంలోనే వాడికీ లెక్క తెలిసిపోయిందని అర్థమైంది. పాపం, అక్కతో ఎలా అంటాడు.

పొద్దు వాలుతోంది. వాగ్దేవి ఇసకలో చతికిలబడి జట్టు పేజీ తీసింది. స్వాగతికకి మళ్ళీ రమ్మని కబురు పంపింది, కెప్టెన్‌గా. ఈశ్వర్‌ని చేర్చింది. తన పేరు మీద వేలు పెట్టింది. నిజంగానే వెళ్ళిపోతారా అని అడిగింది ఆట. అవును అని నొక్కేక వెక్కి వెక్కి ఏడ్చింది. చిన్నపిల్లలా ఏడ్చింది, సిగ్గేటి. పడవ చాటున వలలు బాగు చేసుకుంటున్న వాళ్ళు చూసి, ఊళ్ళో ఎవరైనా పోయేరేమో అనుకున్నారు.

స్వాగతిక తన ఫోను చూసుకుంది, సరే అని నొక్కింది. థాంక్స్ అనలేదు. బుల్లమ్మ మాత్రం, ఆ పిల్లెవరే, టీ ఇయ్యి దానికి అంది.

ఆదివారం పోటీ ఊళ్ళోనే ఒక కాలేజీ హాల్లో. ఆటగాళ్ళు వేదిక మీద, జనం తాడుకి ఇవతల కుర్చీల్లో. వాగ్దేవి జనంలో కూచుంది. కూచుందనడం మాటవరసకి. ప్రతి పందానికీ లేచి నించునేది, కుర్చీ మారేది, వెనక్కెళ్ళి గోడకి ఆనుకునేది, మళ్ళీ ముందుకొచ్చేది. గెలవాలని ఉంది. తను లేకుండా గెలవకూడదనీ ఉంది. ఆ రెండో కోరికకి తన మీద తనకే రోత పుట్టింది, అయినా అది పోలేదు. ఈశ్వర్ చిరుత ఒక్కో దెబ్బ కొడుతుంటే జనం ఊగిపోతున్నారు. మధ్యాహ్నానికి సెమీఫైనల్ దాటేసేరు. తను ఎన్నడూ దాటని గడప అది.

ఫైనల్లో మళ్ళీ ఆ రూర్కెలా వాళ్ళే. సగం ఆటకే దున్న పడిపోయింది, చిరుతకి ప్రాణం కొంచెమే మిగిలింది. అర్జున్ మొహం పాలిపోయింది. అప్పుడు వేదిక మీంచి స్వాగతిక గొంతు లేచింది. మార్కండిలో విన్న ఆ పెద్ద గొంతు, ఆ ఒడ్డు తెలుగు, మైకులో హాలంతా మోగిపోయింది.

"అర్జునూ, పాముని దింపు. ఈశ్వరా, నువ్వు భయపడక ఎల్లు. నాను కాత్తాను."

ముందు వరసల్లో ఎవరో కిసుక్కున నవ్వేరు. ఆ మాట తీరుకే. వాగ్దేవి ఆ నవ్విన మనిషి వైపు తిరిగి ఒక చూపు చూసింది, వాడు నవ్వు మింగేసేడు. బరిలో చిరుత ముందుకి దూకింది. అవతల మిగిలిన మూడూ కలిసి దాని మీద పడ్డాయి. రాతిగోడ లేచింది. మూడు దెబ్బలూ గోడకి తగిలేయి. గోడ పగిలిపోయింది, తాబేలు పడిపోయింది, చిరుత మిగిలింది. మిగిలిన చిరుత ఏం చేసిందో వేరే చెప్పక్కర్లేదు. హాలు దద్దరిల్లింది. తను లేచి నించుని చప్పట్లు కొడుతున్నానని వాగ్దేవికి అందరికన్నా ఆలస్యంగా తెలిసింది. అరచేతులు మండేదాకా కొట్టింది.

ఫొటోలు తీయడానికి ముగ్గుర్నీ నించోబెట్టేరు. ఈశ్వర్ ఏదో అంటే స్వాగతిక తెలుగులో వాడి పని పట్టింది. అర్జున్ పడీ పడీ నవ్వేడు. ఇన్నేళ్ళలో వాళ్ళ మధ్య అలాంటి నవ్వు వాగ్దేవి వినలేదు. స్వాగతిక ఖాళీ సీసా చేత్తో పట్టుకుని, ఆ నవ్వు మొహంతోనే, తాడు దగ్గరికి వచ్చింది.

"ఎంత బాగా ఆడేవే" అంది వాగ్దేవి తెలుగులో. "ఆ గోడ నేనైతే..."

స్వాగతిక విన్నది. మొహంలో కోపం లేదు. ఎప్పటిలాగే, నెమ్మదిగా, ఒడియాలో జవాబిచ్చింది. థాంక్స్ అంది. ఫొటోలు ఇంకా ఉన్నాయిట, కాస్త నీళ్ళు తెచ్చిపెడతావా అని సీసా అందించింది. వెనక నుంచి అర్జున్ పిలిస్తే, వత్తన్నానురా అని తెలుగులో కేకేసి వెళ్ళిపోయింది.

ఆ తెలుగు అర్జున్‌ది, ఈశ్వర్‌ది, రేపు పుణె హాల్లో వినేవాళ్ళందరిదీ. తనతో మాత్రం ఇంక ఎప్పటికీ ఒడియాయే. వాగ్దేవికి అక్కడ నించునుండగానే ఆ సంగతి బోధపడింది. తెస్తాను అని ఒడియాలోనే చెప్పి, సీసా మూత తిప్పుకుంటూ, జనాన్ని తప్పించుకుని కుళాయి వైపు నడిచింది.